రానోళ్ళు ఏరి?

నాచారంలో నేను పనిచేసిన కంపెనీలో ఒక మీటింగు జరిగింది. అందులో నేను చెప్పాల్సిన మాట ఒకటి చెప్పలేదు. దాని బదులు ఒక అబద్ధం చెప్పాను. చిన్నదే. నేను మాట్లాడుతుండగా బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు టీ తాగడం కూడా ఆపలేదు. ఆ అబద్ధం ఒక మనిషి పేరును పాడుచేసింది. ఆ మనిషి ఇప్పుడు లేరు.

ఆమె పోయారని మొన్న ఒక పాత సహోద్యోగి ఫోన్ చేసి చెప్పాడు. "గుర్తుందా బ్రదర్, మన దగ్గర లేని చావులు పుట్టించిన మేడమ్? పోయారంట," అంటూ కాస్త నవ్వాడు కూడా. చెడ్డవాడు కాదు. ఆమె గురించి అతనికి తెలిసింది అంతే. అలా తెలియడానికి కారణం నేను. అందుకని ఇది రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. కాగితం మీద పేషెంటు పేరు కనబడితే నల్లగా కొట్టేసి నంబరు వేసే మనిషి ఆమె. తన పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశ ఎన్నడూ ఉన్నట్టు లేదు.

మా కంపెనీ మందులు తయారుచేసేది కాదు. తయారుచేసినవాళ్ళ తరఫున వాటిని రోగుల మీద పరీక్షించి ఫలితాలు ఇచ్చేది. ఆమె అక్కడ బయోస్టాటిస్టీషియన్. మందు నిజంగా పనిచేసిందా, పనిచేసినట్టు డాక్టర్లకు అనిపించిందా అన్నది లెక్క వేసి తేల్చడం ఆమె పని. ఆమె చెప్పిన లెక్కను కంప్యూటర్‌కు ప్రోగ్రాముగా రాసి పెట్టడం నా పని. ఆమెది భువనగిరి అవతల ఏదో పల్లె. నాది గుంటూరు జిల్లా. ఆమె నన్ను తమ్మీ అనేవారు. నేను చివరిదాకా మేడమ్ అనే పిలిచాను.

పెళ్ళి చేసుకోలేదు. చిలకానగర్‌లో ఒక గదిలో ఉండేవారు. ఏసీ గదిలో శాలువా కప్పుకుని కిటికీ పక్కన కూర్చుని, బ్లేడుతో పెన్సిలు చెక్కుకుని, ఒక్కొక్క పేషెంటుకు ఒక్కొక్క గీత చొప్పున గ్రాఫు కాగితం మీద చేత్తో గీసేవారు. మొదట్లో నాకు అది చాదస్తంగా తోచేది.

"కంప్యూటరు రెండు నిమిషాల్లో గీసేస్తుంది మేడమ్."

"గీస్తది. సూడది," అన్నారు తల ఎత్తకుండానే.

గీస్తూ ఆ గీతలతో మాట్లాడేవారు. "ఏమైందయ్యా నీకు? పోయిన నెల మంచిగనే ఉంటివి గద," అనేవారు ఒక చుక్కతో. పక్క గదిలో వాళ్ళు తలుపు సందులోంచి చూసి నవ్వుకునేవారు. డాక్టర్లు ఎవరైనా వచ్చి "సగటున బాగానే తగ్గింది కదండీ" అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "ఉప్పల్ చౌరస్తాల నిలవడి, ఓ సగటు మనిషీ అని పిలువున్రి సార్. ఎవడన్న పలుకుతడేమో సూద్దాం," అనేవారు.

ఒకసారి నా బండి పాడై ఆమెతోపాటు సెవెన్ సీటర్ ఆటో ఎక్కాను. హబ్సిగూడ మలుపు దగ్గర డ్రైవరు బండిని ఒక చక్రం మీద తిప్పినంత పని చేశాడు.

"జర నిమ్మళంగ తోలు బిడ్డా," అన్నారామె.

"ఫికర్ జెయ్యకమ్మా. నా బండి ఎక్కినోళ్ళంత మంచిగనే దిగిన్రు. ఇయ్యాల్టిదాంక ఒక్కడు గూడ కంప్లెంట్ జెయ్యలె."

"దిగనోడు కంప్లెంట్ ఎట్ల జేస్తడు?"

ఆటోలో అందరూ నవ్వారు, డ్రైవరు కూడా. ఆమె నవ్వలేదు. ఆమె వేళాకోళం ఆడలేదని, తన శాస్త్రంలో మొదటి పాఠం చెప్పారని నాకు చాలా కాలానికి గాని అర్థం కాలేదు.

ఆ పాఠాన్నే ఆఫీసులో రెండు ముక్కల్లో అడిగేవారు. ఏ పరీక్ష ఫలితాలు ముందు పెట్టినా, "వచ్చినోళ్ళు మంచిగున్నరు, సరే. రానోళ్ళు ఏరి?" అనేవారు. ఏ పరీక్షలోనైనా కొందరు మధ్యలో రావడం మానేస్తారు. ఊరు మారినవాళ్ళుంటారు. కూలి పోతుందని మానేసినవాళ్ళుంటారు. జబ్బు తగ్గిందని మానేసినవాళ్ళు, ముదిరి మానేసినవాళ్ళు కూడా ఉంటారు. "మందు మంచిగ జేసి రాకపోతె ఒక లెక్క, మందు పడక రాకపోతె ఇంకో లెక్క. ఏందో తెల్వకుంట నేనేం లెక్క జెయ్యాలె తమ్మీ?" అనేవారు. మేం ఆ మాటను ఆటపట్టించే మాటగా చేసుకున్నాం. క్యాంటీన్లో ఎవరైనా ఆలస్యంగా వస్తే శాలువా కప్పుకున్నట్టు నటించి, "రానోళ్ళు ఏరి?" అని అరిచేవాళ్ళం. ఆమె గొంతు అందరికంటే బాగా నాకే వచ్చేది.

బీపీ మాత్ర ఒకదాన్ని పరీక్షించిన రోజులవి. కొందరికి మందు మాత్ర, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇచ్చాం. ఎవరికి ఏది వెళ్ళిందో పరీక్ష ముగిసేదాకా ఎవరికీ తెలియకూడదు, ఆమెకు కూడా. ప్రతి నెలా వచ్చి బీపీ చూపించుకోవాలి. మధ్యలో మానేసినవాళ్ళ విషయంలో ఒక పద్ధతి ముందే నిర్ణయమైంది. చివరిసారి వచ్చినప్పుడు ఉన్న బీపీనే తర్వాతి నెలల ఖాళీల్లో కూడా నింపాలి. మా పరిశ్రమలో అప్పటికి చాలామంది చేసేదే. నింపే ప్రోగ్రాము రాసింది నేను.

ఒక మధ్యాహ్నం ఆమె నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"తమ్మీ, గీయన బీపీ సూడు. కొత్తగేసిన రోడ్డు లెక్క సాపుగున్నది."

"ఆయన రావడం మానేశాడు మేడమ్. చివరి రీడింగే నింపాం."

"అది ఎరుకే. ఎందుకు మానేసిండు?"

"ఫోన్ ఎత్తలేదని రాశారు."

"ఎత్తకపోతె ఇంటికి పోయి సూసిన్రా?"

"ఎవరు వెళ్తారు మేడమ్ అంత పనిగా?"

ఆమె పెన్సిలు కింద పెట్టారు. రోగులను కలిసే సిబ్బందికి వెళ్ళి చూడమని అంతకుముందే చాలాసార్లు చెప్పారు, రాసి కూడా పంపారు. ఎవరూ కదల్లేదు. లెక్కలు వేసే మనిషికి రోగి పేరు, చిరునామా తెలియకూడదన్నది నియమం. ఆ నియమాన్ని అందరికంటే గట్టిగా పట్టుకునేది ఆమే. ఆరోజు అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. చివరికి, "రూలు తప్పుతున్న తమ్మీ. తప్పని తెలిసే తప్పుతున్న. ఆ చిరునామ కనుక్కో. నీ బండి మీద పోదాం," అన్నారు.

ఇల్లు ఎంతో దూరం లేదు. ఫ్యాక్టరీల వెనక, మల్లాపూర్ వైపు పోయే దారిలో, ఒక్కో గదీ ఒక్కో కుటుంబానికి అద్దెకిచ్చిన మూడంతస్తుల ఇల్లు. గోడ బయటినుంచి మెట్లు, పట్టుకోవడానికి పిట్టగోడ గాని కమ్మీ గాని లేవు. గాలిలో ఏదో రసాయనం వాసన. పై గది గడపలో ఒకావిడ కూర్చుని ఉంది. ఆయన భార్య. మేడమ్ పై మెట్టు మీద కూర్చున్నారు. చోటు లేక నేను ఆమె వెనక కింది మెట్టు మీద నిలబడ్డాను. ఆవిడ చెప్పిందంతా విన్నాను. ఆయన చివరిసారి మా దగ్గరికి వచ్చివెళ్ళిన కొద్ది రోజులకే కళ్ళు తిరిగి ఆ మెట్ల మీదినుంచి పడి చనిపోయాడు.

మా పట్టికలో మాత్రం చనిపోయిన తర్వాత కూడా నెలల తరబడి ఆయన బీపీ చక్కగా ఉంది. తగ్గినవాళ్ళ లెక్కలో ఉన్నాడు.

తిరిగి వచ్చాం. ఆఫీసు గేటు దగ్గర దిగి, "మాత్ర సంపిందని నేను అంటలేను, సమజైందా? ఒక్క మనిషిని సూసి గట్ల అనరాదు. అసలు ఆయన మింగింది మందో ఉత్తదో గూడ తెల్వది. సచ్చిపోయిండు అని రాయమంటున్న. గంతే," అన్నారు. మళ్ళీ ఒక అడుగు వేసి ఆగి, "మిగిలిన రానోళ్ళ ఇండ్లకు గూడ పోయి సూడమంటున్న," అన్నారు.

మా కంపెనీ డైరెక్టరుగారు డాక్టరే. ఆయనకు ఆ మాట మింగుడు పడలేదు. చావు అని రాస్తే అది పై కమిటీలకు వెంటనే తెలియజేయాల్సిన విషయం. ఇన్నాళ్ళూ ఎందుకు తెలియజేయలేదని అడుగుతారు. మిగిలినవాళ్ళ సంగతి తవ్వుతారు. మందు కంపెనీ ఇచ్చిన పని చేతిలోంచి పోతుంది. సిబ్బందిలో ఒకరిని ఆ ఇంటికి పంపారు. అప్పటికే గదికి తాళం ఉంది. ఆవిడ ఖాళీ చేసి ఊరికి పోయిందట. ఏ ఊరో ఇంటివాళ్ళకు తెలియదట. దవాఖానా కాగితాలు మరిది దగ్గరున్నాయని ఆవిడ మాతో అంది గాని, ఆ మరిది ఎవరో ఎక్కడుంటాడో మేం అడగలేదు. కనక ఆ చావుకు ఇక మిగిలిన సాక్ష్యం మేడమ్ మాట, నా మాట.

మందు కంపెనీ తరఫున ముంబై నుంచి ఒకాయన వచ్చిన రోజు మీటింగు పెట్టారు. మేడమ్ లేచి, తాను నియమం తప్పి వెళ్ళానని మొదట తనమీదే చెప్పుకుని, తర్వాత విన్నది చెప్పారు. నా పేరు ఎత్తలేదు. నేనే చెబుతానని అనుకున్నారు. నావైపు చూడను కూడా లేదు, అంత నమ్మకం.

డైరెక్టరుగారు మెత్తగా అడిగారు. "చూడమ్మా, మీరు వెళ్ళినప్పుడు ఆవిడ, మీరు తప్ప ఇంకెవరూ లేరా?" ఆమె జవాబు చెప్పేలోపే నావైపు తిరిగారు. "నువ్వు బండి మీద తీసుకెళ్ళావట కదయ్యా?"

"దింపాను సార్. కింద బండి దగ్గరే ఉన్నాను. పైకి వెళ్ళలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు."

అప్పుడు ఆమె నావైపు చూశారు. కోపం లేదు ఆ చూపులో. గ్రాఫు కాగితం మీద అనుకోని చోట చుక్క పడితే చూసేవారు, అలా చూశారు. తర్వాత కూర్చున్నారు.

అప్పటికి నా భార్య కడుపుతో ఉంది, ఉద్యోగం పోతే గతి లేదు. ఈ ముక్క రాయాలా వద్దా అని ఆలోచించాను. రాస్తే సాకులా ఉంటుంది. నిజమే కాబట్టి ఉండనిస్తున్నాను.

పట్టికలో ఏమీ మారలేదు. "ఫోన్ ఎత్తలేదు" అన్నది అలాగే నివేదికలోకి వెళ్ళింది. ఆ నెలాఖరుకు ఆమె ఉద్యోగం మానేశారు. మానేసేలా చేశారు అనడమే నిజం. ఇంటర్నెట్లో ఒక్క ముక్క లేకపోయినా మా రంగంలో కబురు ఊరంతా పాకుతుంది. చిన్న ప్రపంచం, అందరూ అందరికీ తెలుసు. అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బందులు, రాస్తారోకోలు. మా క్యాంటీన్లో మావైపు వాళ్ళందరం ఒక బల్ల దగ్గర చేరేవాళ్ళం. "ఏముంది, డైరెక్టరు మనవాడని ఆవిడకి కడుపుమంట. ఉద్యమం నెత్తికెక్కి లేని చావు పుట్టించింది," అని ఒకడు తేల్చేశాడు. మిగిలినవాళ్ళు తలలూపారు. నేను తల ఊపలేదు. కాదు అని కూడా అనలేదు. ఆ మాట ఆ బల్ల దగ్గర్నించే ఊళ్ళోకి వెళ్ళింది.

ఆమె పని కోసం ప్రయత్నించిన చోట్లనుంచి నాకు ఒకటి రెండుసార్లు ఫోన్లు వచ్చాయి. "మీరు ఆమెతో పనిచేశారు కదా, ఎలాంటి మనిషి?" అని. "పని చాలా బాగా తెలుసండీ, కానీ..." అని ఆగేవాణ్ణి. అవతలివాళ్ళకు ఆ కానీ చాలు. మీటింగులో చెప్పిన అబద్ధం భయంతో చెప్పింది. ఈ కానీ ఏ భయంతో అన్నానో నాకు ఈరోజుకీ తెలియదు. ఆమె ఇంకెక్కడైనా కుదురుకుంటే, తన పక్కన కూర్చునేవాళ్ళకు ఎప్పటికైనా అసలు సంగతి చెబుతారని కాబోలు. నాకు ప్రమోషను వచ్చింది. ఆమె కుర్చీలోనే కూర్చోబెట్టారు.

రాష్ట్రం రావడానికి ముందటి ఏడాది ఉప్పల్లో మళ్ళీ కనబడ్డారు. మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపోసి, రేకులు అడ్డం పెట్టి ఉంది. ఆ దుమ్ములో ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఒక సంచీ చంకన పెట్టుకుని రోడ్డు దాటలేక నిలబడ్డారు. బాగా చిక్కిపోయారు. నేను తప్పించుకుని పోవచ్చు. పక్కనే పాలదుకాణంలోకి దూరాను కూడా. మళ్ళీ బయటికి వచ్చాను.

"తమ్మీ, నువ్వా? ఇంట్ల అందరు మంచిగున్నరా?"

"బాగున్నారు మేడమ్. పాప. స్కూల్లో వేశాం."

"లెక్కలు మంచిగ నేర్పియ్యి."

ఎత్తిపొడుపు లేదు. నేను సంచీ తీసుకుని ఆమె వెంట చిలకానగర్ దాకా నడిచాను. అదే గది. ఇప్పుడు రెండు బెంచీలు, గోడకు నల్లబల్ల ఉన్నాయి. డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెబుతున్నారట. అలాంటి మనిషి ఏదో గైడులోని లెక్కలు మార్కుల కోసం బట్టీ పట్టిస్తున్నారు. నాకు మంచినీళ్ళు ఇచ్చి ఎదురు బెంచీ మీద కూర్చున్నారు.

"సారీ మేడమ్," అన్నాను.

"దేనికి?"

"ఆరోజు... జరిగినదానికి."

"జరిగినదానికంటే? వాన పడ్డట్టు దానంతట అదే జరిగిందా?"

ఆమె ముందుకు వంగి అడిగారు. "ఆ ఇంటామె ఏం జెప్పింది? నువ్వు ఇన్నవు గద. జెప్పు, ఇంట. నేను తప్ప ఎవ్వరు ఇనలేదన్నరు. ఒక్కోపారి నాకే అనుమానమైతది, నిజంగ ఇన్ననా అని."

అప్పుడు చెప్పాను. మీటింగులో చెప్పాల్సిందంతా ఆ ట్యూషన్ గదిలో, ఒక్క మనిషికి చెప్పాను. ఆయన గోడౌనులో హమాలీ. మాత్రలు మొదలయ్యాక లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని మేం ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాడు. మొదట్లో అలాగే ఉంటుంది, మాత్ర ఆపొద్దు అన్నారు. ఎవరూ పిలిచి చూడలేదు. ఆయన ఆపలేదు. నాగా పెట్టకుండా వస్తావని డాక్టరు మెచ్చుకున్నాడని వాడకట్టంతా చెప్పుకున్న మనిషి. ఒక పొద్దున కింద నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుని బిందెతో మెట్లెక్కుతూ పడిపోయాడు. జేబులో ఫోన్ ఆయన కిందే పడి పగిలింది. దవాఖానాలో మళ్ళీ కళ్ళు తెరవలేదు. మావాళ్ళు ఫోన్ చేసింది ఆ పగిలిన ఫోనుకే. "మీరెవరన్న వస్తరని సూసిన," అందావిడ. వచ్చిన ప్రతిసారీ మిగిలిన మాత్రలు తిరిగి ఇవ్వాలని మేం పెట్టిన నియమం ఆయన ఇంట్లో చెప్పి ఉంచాడట. ఆవిడ వాటిని కొంగులో కట్టి తెచ్చి, "గివి వాపస్ ఇయ్యాలన్నడు, తీస్కపోతరా?" అని అడిగింది. మాకు తీసుకునే అధికారం లేదమ్మా, మావాళ్ళు వస్తారని మేడమ్ చెప్పారు.

ఆమె కళ్ళు మూసుకుని విన్నారు. "అవ్. గంతే జెప్పింది," అన్నారు. కళ్ళు తెరిచి, "ఆకరికి తెలిసిందా? మందా, ఉత్తదా?" అని అడిగారు.

పరీక్ష ముగిశాక ఎవరికి ఏది వెళ్ళిందో విప్పి చూసింది నేనే. ఆయన నంబరు కోసమే మొదట వెతికాను.

"ఉత్త మాత్ర మేడమ్."

"అయితె రాసినా మందుకు వచ్చే మచ్చ ఏం లేకుండె," అన్నారు. "మరి కండ్లెందుకు తిరిగినయ్?"

"తెలియదు మేడమ్."

"ఎవ్వరు అడుగలె గద."

బయట ట్యూషన్ పిల్లలు చెప్పులు విడుస్తున్న చప్పుడు వినబడింది. ఆమె లేచి నల్లబల్ల తుడవడానికి గుడ్డ అందుకున్నారు. నేను కూడా లేచాను. పిల్లలు లోపలికి వచ్చేశారు, అయినా ఆగలేదు.

"మేడమ్, నేను మీ వెనక మెట్టు మీదే ఉన్నాను. ఆవిడ చెప్పిందంతా విన్నాను. వినలేదని అబద్ధం చెప్పాను. ఆ తర్వాత మీ గురించి అడిగినవాళ్ళ దగ్గర కూడా మిమ్మల్ని అబద్ధాలకోరును చేశాను. మీరు నిజం చెప్పారు. తప్పు నాది. నన్ను క్షమించండి."